గోదారి లోయలో మూడు రోజులు: పాపికొండలు, మన్యం చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

మా రాజమండ్రిలో దసరా వెళ్లగానే చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. "పాపికొండలు వద్దామనుకుంటున్నాం, ఏ లాంచీ బాగుంటుంది?" అని. ఏసీ ఉందా, భోజనంలో ఏం పెడతారు, రాత్రి ఇసుకలో గుడిసెలు దొరుకుతాయా, అన్నీ అడుగుతారు. గోదాట్లో నీరెంత ఉందని మాత్రం ఎవరూ అడగరు. వచ్చినవాళ్లనల్లా వెంటబెట్టుకుని తిప్పగా నాకు తెలిసిందొక్కటే: ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టేది గోదారి. టికెట్లు, గదులు, కార్లు అన్నీ ఆ తర్వాతే.

కింద చెప్పేది మూడు రోజుల చుట్టు. మొదటి రోజు లాంచీ మీద పాపికొండలు, రెండో రోజు రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, మూడో రోజు గుడిస కొండ గానీ, చింతూరు మీదుగా భద్రాచలం గానీ. రెండు రోజులే ఉన్నవాళ్లు గుడిసను వదిలేయండి. ఒక్క రోజే ఉన్నవాళ్లు లాంచీ ఎక్కి వచ్చేయండి. ఒక్క రోజులో పాపికొండలూ మారేడుమిల్లీ రెండూ చూపిస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనకండి. రోజంతా బస్సు కిటికీ చూసి ఇంటికొస్తారు.

మొదటి మెట్టు: నీటి లెక్క

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు పారుతుంది. మన దగ్గర చినుకు పడకపోయినా మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిస్తే ఇక్కడ వరద వస్తుంది. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి కూడా వచ్చి కలుస్తుంది. అందుకే రాజమండ్రిలో ఎండ కాస్తుంటే లాంచీలు ఎందుకు ఆపారని పోట్లాడేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా లాంచీ మాట మరిచిపోండి. నీరు ఎర్రబడి, చెట్ల మొద్దులు కొట్టుకొచ్చే కాలం అది. అక్టోబరు సందిగ్ధం: ఒక ఏడు తొలి వారానికే తిప్పుతారు, ఒక ఏడు నెలాఖరుదాకా తిప్పరు. కార్తీకమాసం నుంచి మాఘం దాకా, అంటే సుమారు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అసలైన కాలం. అందులోనూ కార్తీక ఆదివారాలు, సంక్రాంతి వారం తప్పించుకోండి, రేవులో కాలు పెట్టే చోటుండదు. ధనుర్మాసంలో పొద్దున్నే మంచు కమ్మి లాంచీ గంట ఆలస్యంగా కదలొచ్చు. సరంగు, అంటే లాంచీ నడిపేవాడు, మంచు విడిచేదాకా ఆగుతున్నాడంటే మంచి సరంగన్నమాట, విసుక్కోకండి. మార్చి తర్వాత నీరు తేటగానే ఉంటుంది గానీ కొండల్లో ఆకు రాలిపోయి, రేకు కప్పు కింద కూర్చుంటే మాడిపోతాం.

ఇంకో మాట. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజులూ, వాటికి అటూ ఇటూ కొన్నాళ్లూ విహారానికని రాజమండ్రి రాకండి. స్నానానికైతే రండి.

బయల్దేరే ముందు వారం రోజులు పేపర్లో రెండు అంకెలు చూడండి: భద్రాచలం దగ్గర నీటిమట్టం, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కిందికి వదిలే నీరు, అంటే విడుదల. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71 అడుగుల పైన వచ్చింది. విడుదలను క్యూసెక్కుల్లో చెబుతారు. ఒక క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, మన కొలతలో సుమారు 28 లీటర్లు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరికనాటికి దాదాపు పది లక్షల క్యూసెక్కులు పోతుంటాయి, అంటే సెకనుకు దగ్గర దగ్గర మూడు కోట్ల లీటర్లు. విహారం మాట కొస్తే ఈ హెచ్చరికలకు చాలా కిందే మనం ఆగిపోవాలి. హెచ్చరిక లేదు కాబట్టి వెళ్లొచ్చనుకోవడం తప్పు. నీరు రోజురోజుకీ తగ్గుతూ ఉందా, పెరుగుతూ ఉందా అన్నదే చూసుకోవాల్సింది.

లోయలో నీటికి అంత జోరెందుకంటే, రాజమండ్రి వంతెనల దగ్గర గోదారి రెండున్నర కిలోమీటర్లకు పైనే వెడల్పుంటుంది. పాపికొండల గండిలో అదే నీరు కొన్ని వందల మీటర్ల సందులోంచి దూరి రావాలి. పక్కకు చోటు లేక లోతుకు పోతుంది, మలుపుల దగ్గర రాళ్లకు కొట్టుకుని సుళ్లు తిరుగుతుంది. పైనుంచి చూస్తే అద్దంలా ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీ ఇలాంటి చోటే, వరద నీరు పోతుండగా వెళ్లింది. అందులో 77 మంది ఉన్నారు. యాభై మంది దాకా పోయారు. లాంచీని బయటికి లాగడానికి నెల దాటింది. ఆ తర్వాతే బోటు పాయింట్ల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, నీటిని చూసి అనుమతి ఇవ్వడం మొదలైంది. ఆ గది దగ్గర మీ లాంచీ కాసేపు ఆగితే ఆగనివ్వండి.

రెండో మెట్టు: ఏ వైపు నుంచి ఎక్కాలి

ఒకప్పుడు రాజమండ్రి రేవులోనే లాంచీ ఎక్కి సాయంత్రానికి లోయలోకి చేరేవాళ్లం. పోలవరం ప్రాజెక్టు నదికి అడ్డంగా లేచాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు పర్యాటకుల్ని రోడ్డు మీద గంటన్నర పైనే తీసుకెళ్లి, ప్రాజెక్టుకు ఎగువన గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కిస్తారు. రెండో దారి భద్రాచలం వైపు నుంచి. అక్కడ వి.ఆర్.పురం మండలం పోచవరం రేవులో ఎక్కి, కిందికి పేరంటాలపల్లి దాకా వచ్చి తిరిగెళ్తారు.

రెండింట్లో ఏది మేలంటే, గండి పోచమ్మ నుంచి వెళ్తే నీటి మీద ఎక్కువసేపు ఉంటారు, లోయ నెమ్మదిగా ఇరుకవడం కళ్లారా చూస్తారు. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు పోచవరం దారి తేలిక. లాంచీ మీద గడిపేది తక్కువే గానీ, కొండలు దగ్గరపడే భాగం మాత్రం తప్పిపోదు. రాముణ్ణి చూసుకుని, మర్నాడు లోయ చూద్దామనుకునేవాళ్లూ అటే వెళ్లాలి.

హైదరాబాదు నుంచి రాజమండ్రికి రాత్రి రైళ్లున్నాయి. తెల్లవారేసరికి దిగి, స్నానం చేసి, పొద్దున్నే కదిలే లాంచీ బస్సు అందుకోవచ్చని చాలామంది లెక్కేస్తారు. అందుకోవచ్చు కూడా, రైలు ఆలస్యం కాకపోతే. నా మాట వింటే ముందురోజు సాయంత్రమే దిగండి. పుష్కరఘాట్‌లో కూర్చుని వంతెనల మీద దీపాలు వెలిగేది చూడండి. వీలుంటే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడండి. 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ డెల్టాను ఎలా మార్చిందో అర్థమైతే, మర్నాడు ఎగువన చూసే నీటి విలువ తెలుస్తుంది.

లాంచీని మొదటి రోజే పెట్టుకోమనడానికి కారణముంది. గాలివానో, ఎగువ నీరో వచ్చి ఆ రోజు ఆపేస్తే, రెండో రోజుకు జరుపుకుని మారేడుమిల్లిని ముందుకు తెచ్చుకోవచ్చు. చివరి రోజు పెట్టుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. మా పెద్దమ్మ కొడుకు ఒకసారి ఆగస్టులో డబ్బు కట్టేసి దిగాడు. లాంచీ కదల్లేదు, డబ్బూ తిరిగి రాలేదు. రద్దయితే డబ్బు సంగతేమిటో రసీదు మీద రాయించుకున్నాకే కట్టండి.

మూడో మెట్టు: లాంచీ ఎక్కే ముందు

చూసుకోవాల్సినవి నాలుగే. లైసెన్సు, ఎంతమందికి అనుమతి అన్న పలక లాంచీలో కనబడాలి. ఎక్కినవాళ్లను లెక్కపెట్టాలి, పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవాలి. మీ పేరు రాసుకోకుండా రమ్మంటే దిగిపోండి. లైఫ్ జాకెట్లు సీటు కింద మూటగట్టి ఉండకూడదు, చేతికి అందాలి. సరంగు తాగి ఉండకూడదు. ఇది పక్కన నిలబడి రెండు మాటలు మాట్లాడితే తెలిసిపోతుంది.

లైఫ్ జాకెట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని ఫొటోకి వేసుకుని, లాంచీ కదలగానే ఉక్కపోస్తోందని విప్పేస్తారు. మీ ఒంటికి సరిపోయేది అడిగి తీసుకోండి. బిళ్లలన్నీ టకటక పడేలా బిగించి, పట్టీలు లాగండి. ఇప్పుడు పక్కవాళ్లను రెండు భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ను పైకెత్తమనండి. జాకెట్ చెవుల దాకా లేస్తే వదులన్నమాట, నీళ్లలో అది పైకి పోతుంది, మీరు కిందికి పోతారు. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. శాలువా, స్వెటర్ జాకెట్ లోపలే ఉండాలి. దిగి గట్టు మీద నిలబడేదాకా విప్పకండి. అరగంటకు ఒంటికి అలవాటవుతుంది.

కూర్చునే చోటు: పైఅంతస్తులో గాలి, కింది గదిలో ఏసీ. నేనైతే ఏసీ గదిలో కూర్చోను. అద్దాలు మూసిన గదిలోంచి బయటపడటం అంత సులువు కాదు. కింద కూర్చోవాల్సొస్తే ద్వారానికి దగ్గరగా కూర్చోండి. పైన ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: మొసలి కనిపించిందనో, సెల్ఫీకనో అందరూ ఒకే పక్కకు పరుగెత్తితే లాంచీ ఒరుగుతుంది. బరువు ఎంత ఎత్తున ఉంటే ఒరుగు అంత ఎక్కువ. "ఎవరి చోట వాళ్లు కూర్చోండి" అని సరంగు అరిస్తే, ఊరికే అరవడం లేదు.

నాలుగో మెట్టు: లోయలో ఏం చూడాలి

లాంచీ ఎగువకు వెళ్లేటప్పుడు ఎడంచేతి వైపు పడమటి గట్టు. పొద్దుటి ఎండ ఆ కొండల మీద పడుతుంది కాబట్టి ఫొటోలకు అటు కూర్చోండి. వచ్చేటప్పుడు కెమెరా పక్కనపెట్టండి, ఆ వెలుగు కళ్లతో చూడటానికే బాగుంటుంది.

మొదటి గంటలో కనిపించేది అందం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ప్రాజెక్టు నీరు వెనక్కి తన్నిన చోటల్లా ఊళ్లున్నాయి. దేవీపట్నం మండలంలో ఇళ్లు, బళ్లు, రచ్చబండలు మునిగాయి. వరద రోజుల్లో గండి పోచమ్మ గుడే నీళ్లలో ఉంటుంది. నీళ్లలోంచి తల ఒక్కటే బయటపెట్టిన ఎండు చెట్లు కనిపిస్తే, అది ఎవరి పెరడో అనుకోండి. అక్కడివాళ్లు పునరావాస కాలనీలకు తరలిపోయారు. లాంచీల్లో మైకు పట్టుకున్న కుర్రాడు ఈ సంగతి చెప్పడు, డ్యాన్సు పాట పెడతాడు. పాట ఒక అరగంట ఆపమని అందరూ కలిసి అడిగితే ఆపుతాడు, నేను ఆపించాను.

పాపికొండలంటే పాపిడి కొండలు అంటారు పెద్దవాళ్లు. తల దువ్వి పాపిడి తీసినట్టు కొండలను గోదారి రెండుగా చీల్చింది కాబట్టి ఆ పేరు. రెండు గట్లూ దాదాపు అభయారణ్యమే. 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు, విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, అడవిదున్న, ఎలుగుబంటి, కణుజు ఉన్నాయి. లాంచీ మోతకు అవేమీ గట్టుకు రావు, కాబట్టి ఆశ పెట్టుకోకండి. ఆశ పెట్టుకోదగ్గవి పక్షులు: చేపకోసం కొమ్మ మీద కాచుకున్న లకుముకి పిట్ట, రాతి మీద రెక్కలారబెట్టుకునే నీటికాకి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. డ్రోన్ తేకండి, జాతీయ ఉద్యానవనంలో అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది.

పేరంటాలపల్లిలో దిగుతారు. గట్టెక్కితే చెట్ల మధ్య శివాలయం, శ్రీరామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, కొండ మీంచి వచ్చే సన్నటి నీటి పాయ. మొత్తం చుట్టులో నిశ్శబ్దంగా ఉండే చోటు ఇదొక్కటే, ఇక్కడ గట్టిగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లు వెదురుతో అల్లిన బుట్టలు, పూలసజ్జలు, బొమ్మలు అమ్ముతారు. బేరమాడకండి. ఒక బుట్టకు వెదురు కొట్టి, చీల్చి, ఎండబెట్టి, అల్లేసరికి ఎంత పొద్దవుతుందో అడగండి, చెబుతారు. కొండరెడ్ల మాతృభాష తెలుగే, మాట్లాడటానికి ఇబ్బంది లేదు. ఫొటో తీసే ముందు "అక్కా, తీసుకోనా?" అని అడగాలి. వద్దంటే వద్దు. పిల్లలకు చాక్లెట్లు పంచకండి. ఏదైనా ఇవ్వాలనిపిస్తే వాళ్లు అమ్మేది కొనండి.

రాత్రి బస గురించి. పైన కొల్లూరు వైపు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో పడుకోవడం ఒకప్పుడు ఈ ప్రయాణానికే కిరీటం. తిన్నె నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది, పోతుంది. కిందటేడాది ఫొటో చూసి డబ్బు కట్టకండి. ఈ వారం గుడిసెలున్నాయా, అనుమతి ఉందా అని అడిగి, ఫొటో పంపమనండి. పడుకుంటే మాత్రం చీకటి పడ్డాక నీళ్లలో దిగకండి. గోదాట్లో నీటి కింద ఇసుక ఎక్కడ తేలుతుందో, ఎక్కడ జారుతుందో పగలే తెలియదు. మోకాలి లోతులో నిలబడ్డ మనిషి ఒక్క అడుగు వెనక్కి వేసి మునిగిపోయిన ఉదంతాలు ప్రతి వేసవిలో పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఐదో మెట్టు: మన్యం దారి

రెండో రోజు పొద్దున్నే రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం, అక్కడి నుంచి మారేడుమిల్లి. మొత్తం ఎనభై అయిదు కిలోమీటర్ల చిల్లర. పెట్రోలు నింపుకోవడం, డబ్బు తీసుకోవడం రాజమండ్రిలోనే పూర్తిచేయండి. రంపచోడవరం దాటాక ఫోన్ సిగ్నల్ వచ్చిపోతుంటుంది, ఫోన్ పే మీద ఆధారపడితే టీ కూడా దొరకదు. దారి మ్యాప్ ముందే ఫోన్‌లో దింపుకోండి.

గోకవరం దాటగానే చేలు ఆగిపోయి అడవి మొదలవుతుంది. భూపతిపాలెం రిజర్వాయరు దగ్గర కాసేపు ఆగొచ్చు. రంపచోడవరం పక్కనే రంప ఊరు, పాత రాతి శివాలయం, కాస్త నడిస్తే జలపాతం. ఈ రంప పేరే చరిత్రకెక్కింది. 1879లో కల్లు గీత మీద పన్ను వేసినందుకు ఇక్కడి మన్యం తిరగబడింది. 1922లో అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషన్లలో అడ్డతీగల, రంపచోడవరం ఉన్నాయి. అప్పటి గొడవ పోడు, అంటే అడవి కొట్టి చేసుకునే కొండ సాగు గురించి, అడవి మీద హక్కు గురించి. ఆ సంగతి తెలిసి నడిస్తే, చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ బోర్డు వేరేగా కనిపిస్తుంది.

వారపు సంత రోజు దారిలో తగిలితే ఒక గంట అక్కడే గడపండి. చింతపండు, కొండచీపుర్లు, పనస, తేనె, అడ్డాకులు, వెదురు కొమ్ములు వస్తాయి. జీలుగ కల్లు కూడా కనిపిస్తుంది. రుచి చూస్తామంటే అది మీ ఇష్టం, బండి నడిపేవాళ్లు మాత్రం ముట్టకూడదు. ముందున్నది ఘాట్ రోడ్డు.

మారేడుమిల్లిలో అటవీశాఖ, స్థానిక గిరిజనుల సమితి కలిసి నడిపే బసలున్నాయి. అవి దొరికితే వాటికే మొదటి ఓటు, మీరిచ్చే డబ్బులో కొంత ఊళ్లోనే ఉంటుంది. శనివారాలు నెలముందే నిండిపోతాయి. వారం మధ్యలో వెళ్లగలిగితే అడవి మీ ఒక్కరిదే.

తిండి సంగతికొస్తే అందరూ బొంగులో చికెన్ కోసమే వస్తారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె ఉండదు, వెదురులోని తేమతోనే ఉడుకుతుంది. మంచిది తినాలంటే రెండు గుర్తులు: బొంగు పచ్చగా ఉండాలి, మీ కళ్ల ముందే నిప్పుల మీద పెట్టాలి. ముందే వండి బొంగులో పోసి వేడిచేసి ఇచ్చేవాళ్లు రోడ్డు పక్క బోలెడుమంది. నలభై నిమిషాలు ఆగే ఓపిక లేనివాళ్లకు అదే దక్కుతుంది. పులస కోసం అడిగేవాళ్లకు ఒక బాధాకరమైన నిజం: పులస వచ్చేది వరదనీటితో, ధవళేశ్వరం దగ్గర. లాంచీలు తిరిగేది ఆ నీరు పోయాక. పుస్తెలమ్మినా రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు.

ఆరో మెట్టు: వాగులు, జలపాతాలు

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో జలతరంగిణి, అమృతధార అనే జలపాతాలు, ఆ తర్వాత సోకులేరు వాగు ఉన్నాయి. అక్టోబరు, నవంబరుల్లో నీరు నిండుగా ఉంటుంది. సంక్రాంతి తర్వాత సన్నబడుతుంది. అందుకని జలపాతాలే ముఖ్యమనుకునేవాళ్లు నవంబరులో రావాలి, లాంచీ ముఖ్యమనుకునేవాళ్లు డిసెంబరు, జనవరిలో.

వాగులో దిగే ముందు పైకి చూడాలి. ఎగువ కొండ మీద నల్లమబ్బుంటే దిగకండి. మీరున్న చోట ఎండగానే ఉండొచ్చు, పైన కురిసిన నీరు కొన్ని నిమిషాల్లో కిందికి దిగుతుంది. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురదగా మారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా చెప్పులు కూడా చూసుకోకుండా గట్టెక్కేయండి. జలపాతం కింది మడుగులోకి పైనుంచి దూకకండి. నీళ్లకింద బండ ఎక్కడుందో ప్రతి వాన తర్వాతా మారుతుంది. పాచి పట్టిన రాతి మీద రబ్బరు చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కావాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. తాడో, చీరో, పొడవాటి వెదురో అందించండి. వాగుల్లో పోయినవాళ్లలో కాపాడబోయి పోయినవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఏడో మెట్టు: గుడిస కొండా, భద్రాచలమా

మూడో రోజు రెండింట్లో ఒకటే. గుడిస అంటే కొండ మీద పరుచుకున్న గడ్డిమైదానం. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా వెళ్లాలి, చివర రోడ్డు మీ కారుకు ఎక్కదు, జీపు మాట్లాడుకోవాలి. సూర్యోదయానికి పైన ఉండాలంటే తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరాలి. కిందనున్న లోయలన్నీ మబ్బుతో నిండి, కొండ కొనలు దీవుల్లా తేలుతుంటాయి. అడవిలోకి ఎప్పుడు వదులుతారో, ఎంత రుసుమో చెక్‌పోస్టులో ముందురోజే అడిగి పెట్టుకోండి. పైన నిప్పు రాజెయ్యకండి, శీతాకాలం చివర ఆ గడ్డి ఒక్క అగ్గిపుల్లకు అంటుకుంటుంది. మీరు తీసుకెళ్లిన ప్రతి ప్లాస్టిక్ సంచీ మీతోనే కిందికి దిగాలి. చలి పెడుతుంది, స్వెటర్ మరవకండి.

భద్రాచలం వెళ్లేవాళ్లు పొద్దెక్కాక బయల్దేరి, చింతూరు మీదుగా వెళ్లండి. మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్ మలుపులు పగలు చూడటానికి ఎంత బాగుంటాయో, రాత్రి నడపటానికి అంత ప్రమాదం. మంచు, ఎదురొచ్చే లారీలు, పక్కన లోయ. సాయంత్రం నాలుగు దాటితే మారేడుమిల్లిలోనే ఉండిపోండి. ఆ దారిలో వాంతులయ్యే పిల్లలుంటే ముందే మాత్ర వేయండి. తొందర లేనివాళ్లు చింతూరు నుంచి కూనవరం వైపు తిరిగి శబరి, గోదారి కలిసే చోటు చూసి వెళ్లొచ్చు. భద్రాచలంలో దర్శనం అయ్యాక పర్ణశాల మరో ముప్పై అయిదు కిలోమీటర్లు. తిరుగు రైలుకు కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషను, అక్కడికి ఇంకో నలభై కిలోమీటర్లు. ఊరి పేరు చూసి స్టేషను ఊళ్లోనే ఉందనుకుని రైలు తప్పిపోయినవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. శ్రీరామనవమికి, ముక్కోటికి గదులు దొరకవు.

సంచిలో ఏముండాలి

పొడుగు చేతుల చొక్కా, దోమల పూత, టార్చిలైటు, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, రోజూ వేసుకునే మందులు మూడు రోజులకు బదులు ఐదు రోజులకు. చిల్లర నోట్లు. ఫోన్ తడవకుండా జిప్ ఉన్న కవరు. ఇంతే.

దోమల పూత గురించి నవ్వకండి. మన్యంలో మలేరియా ఉంది, అందులో మెదడుకు ఎక్కే రకం కూడా ఉంది. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ఒళ్లు కప్పుకోండి, దోమతెర ఉన్న గది అడగండి. ఇంటికొచ్చిన వారం నుంచి నెల లోపు చలితో జ్వరం వస్తే, ఏదో వైరల్ అని పారాసిటమాల్ వేసుకుని కూర్చోకండి. అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. ఏజెన్సీకి, అంటే మన్యానికి వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే నోరు విప్పి చెప్పండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న డాక్టరుకు ఆ అనుమానం తనంతట తను రాదు.

ఇక లాంచీ దిగేటప్పుడు ఒక పని చేయండి. సరంగుకు పది రూపాయలెక్కువిచ్చి ఆయన ఫోన్ నంబరు తీసుకోండి. వచ్చే ఏడు మళ్లీ రావాలనుకున్నప్పుడు బుకింగ్ ఆఫీసుకు ముందు ఆయనకే ఫోన్ చేసి అడగండి: "అన్నా, ఎర్రనీరు విరిగిందా?"